మైకు బంద్ చేసి చెప్పిన మాట

కరోనా వచ్చిన ఎండకాలం సంది నేనొక మాటను మోస్తున్న. పెద్ద మాట కాదు. రెండు ముక్కలు. అవి నా నోట్లెకెల్లి వచ్చిన మూడు గంటలకు ఒక మనిషి తల పగిలింది. నాలుగో రోజు ఆయన సచ్చిపోయిండు. రాయి నేనెయ్యలే. కట్టె నేను పట్టలే. గీ ముచ్చట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్ననో లెక్క లేదు. చెప్పుకున్న ప్రతిసారీ లోపల ఒకటే జవాబు. రాయి నువ్వెయ్యలే, ఏ ఇంటి మీద ఎయ్యాల్నో చూపెట్టినవ్.

మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు ఇంత నిమ్మళంగ చెప్తున్న. మొఖం చూసుకుంట చెప్పాల్సినోళ్లకు చెప్పనీకె చానా యేండ్లు పట్టింది. అది కూడ చెప్త. మొదటి నుంచి చెప్పనియ్యండి.

అప్పుడు మేము తాండూరుల ఉంటుంటిమి. లాక్‌డౌన్ పెట్టంగనే వార్డుకొక ఆటో పెట్టి మైకు కట్టిన్రు. మా వార్డుల మైకు నాకిచ్చిన్రు. మహిళా సంఘాలల్ల తిరిగిన మనిషిని, ఇల్లిల్లు ఎరుకే, గొంతు కూడ గట్టిదే. ఆటో నడిపేటోడు యాదయ్య. యాభై దాటినోడు, మాట తక్కువ. పొద్దుగాల్ల మున్సిపల్ ఆఫీసు కాడికి పోతే సారు ఒక కాగితం ఇచ్చేటోడు. ఏ గల్లీ బంద్ ఉన్నది, కూరగాయల బండి ఎన్ని గంటలకొస్తది, బియ్యం ఎక్కడ పంచుతున్నరు, జరం వస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలె. చేతులు కడుక్కోండి, మూతికి బట్ట కట్టుకోండి, మనిషికి మనిషికి ఆరడుగుల దూరం ఉండండి. గంతే. అండ్ల ఉన్నది ఉన్నట్టు సదవాలె, ఒక్క అక్షరం కలపొద్దని మొదటి రోజే చెప్పిండు సారు.

ఉన్నది ఉన్నట్టే సదివిన. పదిహేను రోజులల్ల నా గొంతు అందరికీ అలవాటైంది. ఆటో చప్పుడు ఇంటే తలుపులు తెరుస్తుండ్రి. ముసలోళ్లు చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని నిలబడుతుండ్రి. టీవీల చెప్పిందాని కంటె, ఫోన్ల వచ్చిందాని కంటె నా మాట మీదనే భరోసా. మైకక్క చెప్పింది అంటే అయిపాయె. ఆ భరోసా నాకు మస్తు మంచిగ అనిపిస్తుండె. అంత వరకు నా మాట ఎవరు ఇన్నరు గనుక.

ఊరు మాత్రం పిచ్చిగయింది. ఎవరన్న దగ్గితే పక్కింటోళ్లు తలుపుల మీద రాళ్లేస్తున్నరు. మా వెనక గల్లీల కిరాయికుండే నర్సమ్మను, దవాఖానల పని చేస్తదని, ఇంటి ఓనరు సామాన్లతో సహా రోడ్డు మీదికి నూకిండు. అడ్డం పోయిన ఆమె తమ్మున్ని దుడ్డుకట్టెతోని కాలు మీద కొట్టిండు. బొక్క ఇరిగిన చప్పుడు నేనిన్న. ఆ చప్పుడు ఇన్న సంది నా ఇంటి మీదనే నా ఫికర్.

ఎందుకంటే మా నాయిన ఆ మాఘమాసంలనే పోయిండు. దగ్గి దగ్గి పోయిండు. నాయినది బండల పాలిష్ పని. ముప్ఫై యేండ్లు మిషన్ కాడ నిలబడి ఆ తెల్ల పిండి పీల్చిండు. అది ఊపిరితిత్తులల్ల గడ్డకట్టిందని డాక్టర్లు రెండేండ్ల ముంగటనే చెప్పిన్రు. గని కరోనా వచ్చినంక మా గల్లీల లెక్కలు మారినయ్. మైకక్క వాళ్ల నాయిన దగ్గుకుంటనే పోయిండు గద, అది గిదే కావొచ్చు అన్న గుసగుస మొదలైంది. మా ఇంటి ఓనరు ఒకనాడు గేటు బయటనే నిలబడి, వేరే ఇల్లు చూసుకో అన్నడు. మా ఇంటాయన లారీ తోలుకపోయి పూణె దిక్కు చిక్కుకున్నడు. ఇంట్ల నేను, మా అమ్మ, ఆరేండ్ల నా బిడ్డ. అమ్మకు కూడ జర దగ్గు. రాత్రంత మూతిల కొంగు కుక్కుకొని పంటుండె.

ఇగ బసప్ప కాక సంగతి. సొంత కాక కాదు. కర్ణాటక దిక్కు, సేడం దగ్గర పల్లె ఆయనది. నాయినతోని ఒక్క మిషన్ మీదనే పని చేసిండు. నాయిన పాడెను మోసిన నలుగురిలో ఆయన ఒకడు. మోసుకుంట దగ్గిండు. రెండుసార్లు దించవలసి వచ్చింది. ఆయన భార్య శరణమ్మను నేను చిన్నమ్మా అని పిలుస్తుంటి. పిల్లలు లేరు. నాపరాళ్లు పేర్చి, మీద రేకులేసిన ఒక్క అర్రల ఉంటుండ్రి.

ఆ గల్లీ పక్కన ఒక కేసు వచ్చిందని రెండు దిక్కుల వెదురు బొంగులు అడ్డం కట్టిన్రు. ఆ తెల్లారి పది గంటలప్పుడు మా ఆటో ఆడికి పోయింది. బసప్ప కాక గడప మీద కూసోని దగ్గుతున్నడు, మూతికి బట్ట లేదు. అటు ఇటు ఇండ్లోళ్లు కిటికీలల్లకెల్లి చూస్తున్నరు. నేను మైకులనే, కాకా లోపలికి పో, బట్ట కట్టుకో అన్న. ఆయన నవ్విండు. లేచి నా దగ్గరికి రెండడుగులు వచ్చిండు.

“లోపల దమ్మాడ్తలేదు బిడ్డా. ఈ దగ్గు నీకు కొత్తనా? మీ నాయిన దగ్గే కద ఇది.”

నా చేతిల మైకు ఆన్‌ల ఉన్నది. ఆయన మాట అందుల పడి గల్లీ మొత్తం మోగింది. మీ నాయిన దగ్గే కద ఇది. కిటికీలల్ల ఉన్న కండ్లన్ని ఆయన మీదికెల్లి నా మీదికి మర్లినయ్. నాకు ఇప్పటికీ ఆ మర్లుడు కనపడ్తది. ఆయన చెప్పింది నిజం. తనను చూసి భయపడేదేం లేదని చెప్పనీకె చెప్పిండు. ఆ ఒక్క మాటకు నేను అవును, ఇది బండల పిండి దగ్గు, ఇది ఒకరికెల్లి ఒకరికి అంటదు అని మైకుల అంటే అయిపోయేది. నాకంటె బాగ ఎవరు చెప్తరు? నా మాట ఇనేటోళ్లే అందరు. గని నాకు నోరు రాలే. నాకు కనపడింది ఇరిగిన ఆ కాలు, రోడ్డు మీద నా బిడ్డ.

మూల మీదింటి రాములమ్మ ఆటో దగ్గరికి వచ్చింది. కొంగు మూతికడ్డం పెట్టుకొని మెల్లగ అడిగింది. “అవునా బిడ్డా, మీ నాయినకు గిదే దగ్గా?”

నేను మైకు బంద్ చేసిన. వంగి ఆమె చెవికి దగ్గరగ చెప్పిన. మా నాయిన దగ్గు వేరు అన్న. “ఈయనకు రిపోర్టొచ్చింది. ఎవ్వరికీ చెప్పకు.”

రిపోర్టు రాలేదు. ఆయనకు టెస్టే చెయ్యలే. ఎవ్వరికీ చెప్పకు అన్ననంటే అందరికీ చెప్పు అన్నట్టే, అది నాకు తెలుసు. రాములమ్మకు ఇద్దరు కొడుకులు, ఎట్లాంటోళ్లో అదీ తెలుసు. అప్పుడు నాకు ఏం తెల్వదు, భయంల అన్న అని చానా రోజులు నన్ను నేను నమ్మించుకున్న. భయం నిజమే. గని మైకు బంద్ చేసే తెలివి ఆ భయంల ఎక్కడికెల్లి వచ్చింది? సారు కాగితం మీద మచ్చ పడొద్దని, నా మీద మచ్చ పడొద్దని చెయ్యి దానంతట అదే బటన్ మీదికి పోయింది. ఆ చెయ్యి నాదే.

యాదయ్య ముందట కూసోని ఉన్నడు. ఇన్నడని నాకు తర్వాత తెలిసింది.

మేము మిగిలిన గల్లీలు తిరిగి ఒంటిగంటకు అదే తొవ్వల వాపస్ వస్తున్నం. దూరం నుంచే రేకుల మీద రాళ్లు పడుతున్న చప్పుడు. యాదయ్య ఆటో ఆపిండు. యాభై అరవై మంది ఉన్నరు. అందరి మూతులకు బట్టలున్నయ్. రాములమ్మ పెద్దకొడుకు ముంగట ఉన్నడు. వాడు బండ ముక్క ఇసిరితే తలుపు మీదికే అనుకున్న. తర్వాత తెలిసింది, తలుపు అప్పటికే పడిపోయింది. నేను చూస్తుండంగ వాడు ఇసిరింది మనిషి మీదికి. బసప్ప కాక గోడకు ఆనుకొని నిలబడి, రెండు చేతులు ముంగటికి చాపి, కన్నడంల ఏమో అంటున్నడు. నాపరాయి ముక్క అంచు కత్తి తీరుగ ఉంటది. అది ఆయన నొసటికి తాకింది. కన్ను మీదికి చర్మం జారింది. ఆయన మొఖం సగం ఎర్రగయింది.

ఇంకో మాట చెప్పాలె. ఇది చానా యేండ్లు నేను ఎవరికీ చెప్పలే. వాళ్లు ఆయన్ని ఎవ్వరూ చేతితోని ముట్టుకోలే. ఆరడుగుల దూరం నుంచి కొట్టిన్రు. గల్లీకి అడ్డం కట్టిన బొంగులు ఊడబీకిన్రు. పొడుగు బొంగులు. వాటితోని పొడిచిన్రు, కడుపుల, పక్కటెముకలల్ల, పడిపోయినంక మొఖం మీద. దగ్గరికి పోకుండ్రి, దూరం నుంచి కొట్టుండ్రి అని ఒకడు అంటనే ఉన్నడు. నేను పదిహేను రోజుల సంది నేర్పిన దూరం అది. శరణమ్మ ఆయన మీద పడబోతే ఆమెను కూడ బొంగుతోని నెట్టిన్రు, దెబ్బ ఆమె దవడ మీద పడ్డది. ఆమె నోట్లెకెల్లి రక్తం, రెండు పండ్లు.

యాదయ్య నా దిక్కు మర్లిండు. “చెప్పు అక్కా. రిపోర్టు లేదని చెప్పు. నీ మాట ఇంటరు.”

నేను మైకు తీసుకున్న. బటన్ ఒత్తిన. నా నోట్లెకెల్లి వచ్చింది కాగితంల మాట. దయచేసి అందరు ఇండ్లల్లకు పొండి, గుంపులు గుంపులుగ ఉండొద్దు, దూరం పాటించండి. మూడుసార్లు అన్న. గొంతు వణకలే. ఒకరిద్దరు ఆటో దిక్కు చూసి మళ్లా బొంగు లేపిన్రు. యాదయ్య సీటు కింద ఉన్న రాడ్డు తీసుకొని దిగి ఉరికిండు. బక్క మనిషి, ఒక్కడు. బొంగు దెబ్బకు ఆయన మణికట్టు ఇరిగి చెయ్యి వేలాడింది. అయినా పోయి బసప్ప కాక మీద అడ్డంగ పడ్డడు. ఆయన పాజిటివ్ మనిషిని ముట్టుకున్నడని, ఇగ ఈయనకు కూడ అంటిందని గుంపు వెనక్కి జరిగింది. దెబ్బలకు జరగలే. నా మాటకు జరగలే. అంటుకుంటదన్న భయానికి జరిగింది.

నేను ఆటోల నుంచి దిగలే.

బొంగులు, రాళ్లు తొవ్వల అడ్డం పడి అంబులెన్సు లోపలికి రానీకె చానాసేపు పట్టింది. అంతసేపు బసప్ప కాక ఆ గోడ కింద పండుకొని దగ్గుతున్నడు. దగ్గినప్పుడల్ల నోట్లెకెల్లి రక్తం, తెల్ల నురుగు. వికారాబాద్ తీసుకపోయిన్రు, ఆడినుంచి పట్నం. టెస్టు చేసిన్రు. కరోనా లేదని వచ్చింది. ఆ కబురు వచ్చేటాల్లకు ఆయనకు తెలివి లేదు. నాలుగో రోజు పోయిండు. ఊపిరితిత్తులు ముందే బండ తీరుగ ఉన్నయని, ఇరిగిన పక్కటెముక లోపల గుచ్చుకున్నదని యాదయ్య చెప్పిండు. నేను అడగలే. ఆయనే చెప్పిండు.

పోలీసులు విచారణకు వచ్చిన్రు. మైకుల ఏం చెప్పినవని అడిగితే కాగితం చూపెట్టిన. అండ్ల ఉన్నదే సదివిన అన్న. అది అబద్ధం కాదు, అదే నా నీచబుద్ధి. కొట్టినోళ్లను గుర్తు పడ్తవా అని అడిగిన్రు. అందరు మూతికి బట్ట కట్టుకున్నరు సార్, గుర్తు పట్టలే అన్న. రాములమ్మ పెద్దకొడుకు మా ఇంటి మీదికెల్లి రోజు పోయేటోడు. వాడి నడక చూసినా గుర్తు పడ్త. కేసు తెల్వని గుంపు మీద రాసుకున్నరు. ఫోన్ల ఏదో మెసేజ్ తిరిగిందని జనం చెప్పిన్రు. నిజంగనే తిరిగింది, నా మాట తర్వాత గంటకు.

యాదయ్యను కూడ అడిగిన్రు. కట్టు కట్టిన చేతితోని నిలబడి, కాగితంల లేనిది ఆమె ఒక్కటి అనలేదు సార్ అన్నడు. బయటికి వచ్చినంక దండం పెట్టబోయిన. ఆయన ఆపిండు. ఆయన అన్నది అక్షరం పొల్లుపోకుండ నాకు యాదికున్నది. “నీ కోసం చెప్పలే. రేపటి సంది మైకు మాట ఎవ్వరు ఇనకపోతే ఇంక మస్తు మంది సస్తరు. దానికి చెప్పిన. నాకు నీ మొఖం చూపెట్టకు.” ఆయన ఆటో తీసుకొని వేరే వార్డుకు పోయిండు.

ఆయన చెప్పింది సరైందే కావొచ్చు. గని ఆ మాటను నేను ఎట్ల వాడుకున్ననో చూడండి. ఊరి కోసం నోరు మూసుకున్న, జనం ప్రాణాల కోసం మూసుకున్న అని ఎంత తేలికగ అనుకున్ననో. జనం నా మాట ముంగటి కంటె ఎక్కువ ఇన్నరు. ఇండ్ల ముంగట మందు కొట్టనిచ్చిన్రు, టెస్టులకు వచ్చిన్రు. తర్వాత టీకాకు భయపడి దాక్కున్నోళ్లను కూడ నా గొంతే బయటికి తెచ్చింది. వార్డోళ్లు నాకు శాలువ కప్పిన్రు. కప్పినోళ్లల్ల రాములమ్మ ఉన్నది. మేమిద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకోలే. రెండోసారి కరోనా వచ్చినప్పుడు ఆమె పోయింది. ఆ కబురు ఇన్నప్పుడు నాకు మొదట కలిగింది ఏందో తెలుసా? ఇగ ఎవరికీ తెల్వదు అన్న నిమ్మళం. ఒక మనిషి సచ్చిపోతే నిమ్మళపడ్డ. ఆ రోజు నేను ఎట్లాంటిదాన్నో నాకు అర్థమైంది. అర్థమైనంక కూడ మూసుకున్న.

తర్వాత మేము వికారాబాద్‌కు మారినం. ఇంటాయన లారీ పని ఈడికి మారిందని అందరికి చెప్పినం. ఆ గల్లీల నడవలేక నేనే పోరు పెట్టిన.

పోయిన ఎండకాలం వికారాబాద్ బస్టాండ్‌ల శరణమ్మ కనపడ్డది. నేను తప్పించుకోబోయిన. ఆమె ఉరికొచ్చి నా రెండు చేతులు పట్టుకున్నది. ఆ రెండు పండ్ల సందు అట్లనే ఉన్నది. ఊరికి పోయిందట, మరిది ఇంటి ఎనక అర్రల ఉంటదట, కూలికి పోతదట. బిడ్డ ఎట్లున్నది, అమ్మ ఎట్లున్నది అని అడిగింది. ఆ తర్వాత అన్నది.

“ఆ దినం అందరు సూసిన్రు బిడ్డా. నువ్వొక్కదానివే ఇండ్లకు పొండి అన్నవు. నీ గొంతు నాకు ఇనపడ్డది.”

బస్సు వచ్చి ఆమె పోయింది. ఆమె ఇన్నేండ్లు నా గొంతును మంచిదని దాచుకున్నది. ఆయన పోయినా, పండ్లు పోయినా, ఆమెకు మిగిలిన ఒక్క మంచి యాది నేను. తిట్టి ఉంటే మోస్తుంటి. ఇది మోయలేకపోయిన.

రెండు నెలలు కొట్టుకలాడి, ఒకనాడు రైలెక్కి సేడంల దిగి ఆ పల్లెకు పోయిన. ఆమె వాకిట్ల కందులు చెరుగుతున్నది. కూసోమన్నది. నేను కూసోలే. నిలబడే చెప్పిన. మొత్తం చెప్పిన. మైకు బంద్ చేసింది, వంగింది, ఆ రెండు ముక్కలు. యాదయ్య చెప్పమంటే చెప్పనిది. మధ్యల ఆగితే మళ్లా చెప్పలేనని ఆగకుండ చెప్పిన.

ఆమె చాట నా మొఖానికేసి కొట్టింది. కందులు కండ్లల్ల పడ్డయ్. లేచి చెంప మీద కొట్టింది, జుట్టు పట్టుకొని గోడకు కొట్టింది, చేతులు నొచ్చేదాక కొట్టింది. నేను చేతులు అడ్డం పెట్టలే. పెట్టే హక్కు లేదనిపించింది. కొట్టి కొట్టి కింద కూలబడి, “యాకె?” అన్నది. ఎందుకని. మా ఇల్లు కాపాడుకోనీకె అన్న. తర్వాత అడిగింది, ఆయనను మొదట కొట్టినోడు ఎవడు, నీకు ఎరుకేనా అని. ఎరుకే అన్న.

“రాసియ్యి,” అన్నది.

రాసిచ్చిన. నాకు గుర్తున్న ఎనిమిది పేర్లు. ఆ కాగితం మీద నా పేరు కూడ ఉన్నది, నేను చేసింది కూడ ఉన్నది. అందుకే ఆ పేర్లు ఈడ మళ్ల చెప్తలేను. ఇద్దరం తాండూరు పోయి పోలీసు స్టేషన్‌ల ఇచ్చినం. తీసుకున్నాయన రెండుసార్లు సదివి, దీంతోని నీ మీదికేం వస్తదో తెలుసా అని అడిగిండు. తెలుసన్న. పిలుస్తం అన్నడు. బయట శరణమ్మ నాకు దూరంగ నడిచింది. క్షమించమని నేను అడగలే. ఆమె అనలే. ఆ పొద్దు సంది ఆమె నాతోని మాట్లాడలే.

వారం తిరగకముందే వికారాబాద్‌ల మా కిటికీ అద్దం మీద రాయి పడ్డది. ఎవరేసిన్రో నాకు తెలుసు. అద్దం పెంకులు ఎత్తుతుంటే నా బిడ్డ అడిగింది, మన మీద ఎందుకేసిన్రు అని. ఇప్పుడు దానికి పన్నెండేండ్లు. కింద కూసోబెట్టుకొని చెప్పిన. మీకు చెప్పినట్టే, ఏం దాచకుండ. అదంత ఇని, అయితే తాతను మోసినాయననా అని అడిగింది. అవునన్న.

నీ కోసమే చేసిన అనబోయిన. మాట నాలుక మీదికొచ్చింది. మింగిన. ఆ భారం దాని మీద ఎయ్యొద్దు.

బిడ్డ లేచి లోపలి అర్రలకు పోయి తలుపేసుకున్నది. గడియ పెట్టిన చప్పుడు ఇన్న. నేను పెంకులన్ని ఎత్తి, నేల తుడిచి, గోడకు ఆనుకొని కూసున్న. ఊపిరి కిందిదాక పోయింది, చానా యేండ్లకు.